చేదెక్కిన మొదటి సీసా

శనివారం రాత్రి, బెడోక్, సింగపూర్

మా వంటింట్లో కాచిన ఇండియా పేల్ ఏల్ బీరు మొదటి సీసా ఇవాళ తెరిచాను. చేదు కోసం హాప్స్ పూలు ఇంకా వెయ్యమని పట్టుబట్టింది నా రూమ్మేట్ రవి. బీరు పులుస్తుండగానే సిడ్నీ ప్రాజెక్టు వచ్చి వెళ్ళిపోయాడు. నురగ బాగానే వచ్చింది. వాడికి ఫోన్ చేశాను.

"టీమ్‌తో డిన్నర్‌లో ఉన్నా రా, రేపు మాట్లాడదాం" అన్నాడు. బీరు సంగతి అడగనే లేదు.

ఒక్కడినే తాగబుద్ధి కాక, పక్క ఫ్లాట్ టాన్ అంకుల్‌కి ఒక గ్లాసు ఇచ్చాను. ఆయన గుటకేసి మొహం చిట్లించారు.

"సో బిట్టర్ లా! యువర్ ఫ్రెండ్ వేర్?"

"నెక్స్ట్ వీక్ కమింగ్ బ్యాక్, అంకుల్" అన్నాను.

ఎందుకలా అబద్ధం చెప్పానో తెలియదు. వచ్చే వారం ఆయన మళ్ళీ అడిగితే...