స్వబుద్ధితో, మొహీతో

నలుగురూ డ్రైవింగ్ మేడమ్ అని పిలిచే నేను, డెబ్బై దాటినా కళ్ళజోడు లేకుండా ముందు బండి నంబరు చదవగలిగే స్థితిలో, స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా తదనంతరం నా ఆస్తిపాస్తులు ఎవరికెలా చెందాలో నా చేతిరాతతో రాసి పెడుతున్న వీలునామా ఇది. ఇంతకు ముందు నేను వేరే వీలునామా రాయలేదు. రాసినట్టు ఎవరైనా కాగితం చూపిస్తే అది మా మరిది పని.

నా మతి సరిగా ఉందన్న సంగతి నా మాట మీద నమ్మనక్కర్లేదు. నరాల డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు దీనికి జతపరిచాను. అది నా చేతికెలా వచ్చిందో చెప్పకపోతే కింది అంశాలు అర్థం కావు గనక ముందుగా అది చెబుతాను.

మా ఆయన లెక్కల మాస్టారు. మంచి మనిషి. పోయి ఆరేళ్ళయింది. కాపురం చేసినన్నాళ్ళూ నీకేం తాగాలని ఉందని నన్ను అడగలేదు. టీ పెట్టేది నేనే కాబట్టి ఆ ప్రశ్న ఆయనకు తట్టి ఉండదు. ఆయన పోయాక బాల్కనీ తొట్టిలో పుదీనా వేశాను. దానికి హద్దూ అదుపూ ఉండవు. పక్క తొట్టిలోకి పాకి అక్కడి గులాబీని చంపింది. ఎంత తుంచినా మిగిలిపోతుంటే ఒక కట్ట తీసుకుని ఎదురు ఫ్లాటు తలుపు తట్టాను.

అందులో అద్దెకున్నాయన్ని బిల్డింగంతా కెప్టెన్ అంటుంది. ఆయన ఓడల్లో కరెంటు పని చేసేవాడు. మొదట కెప్టెన్ అన్నదెవరో తెలియదు, ఆయనా కాదనలేదు. పుదీనా చూసి, "ఇంత ఆకుతో నాకు తెలిసిన పని ఒక్కటేనండీ. కూర్చుంటానంటే చేస్తాను" అన్నాడు. కూర్చున్నాను. ఆకు, పంచదార, నిమ్మరసం గ్లాసులో వేసి చెక్కగుత్తితో పగవాణ్ణి పొడిచినట్టు పొడిచాడు. రమ్మూ సోడా పోసి ఇచ్చాడు. చేదు. "ఆకు ముద్దయితే చేదొస్తుందండీ. క్లచ్ వదిలినట్టు మెల్లగా ఉండాలి చెయ్యి" అన్నాను. రమ్ము ముట్టడం నాకదే మొదలు, క్లచ్ సంగతి మాత్రం తెలుసు. రెండో గ్లాసు నేను చేశాను. కెప్టెన్ తాగి, చెక్కగుత్తి నా చేతికిచ్చేశాడు. ఆనాటి నుంచి శనివారం సాయంత్రాలు మా బాల్కనీలో కలపడం నా వంతు, ఐసు కొట్టడం ఆయన వంతు అయింది.

ఆ పానీయాన్ని మొహీతో అంటారట. అలాంటి ఒక సాయంత్రం కోడలు ఫోన్ చేసి, ఒంట్లో ఎలా ఉందత్తయ్యా అని అడిగింది. "బాగానే ఉందమ్మా. కెప్టెన్ గారి మొహీతో. కొంచెం తల తిరుగుతోంది" అన్నాను. కోడలు 'మోహంతో' అని విన్నది. అత్తయ్యకి కెప్టెన్ గారి మోహంతో తల తిరుగుతోందన్న కబురు తెల్లారేసరికి చుట్టాలందరికీ చేరింది. ఆమె విన్నది తప్పు. అది నిజం కావడానికి ఇంకా నాలుగు నెలలు పట్టింది.

ఆదివారం అందరూ వచ్చి హాల్లో కూర్చున్నారు. మా మరిది, "వదినా, ఈ వయసులో ఇదేం పోయేకాలం?" అన్నాడు. పెద్దవాడు, అంటే నా కొడుకు, వంటింట్లోకి వెళ్ళి రమ్ము సింకులో ఒలకబోశాడు. సీసా మూత బిగుసుకుపోయి ఉంటే కెప్టెన్ కూడా పంటితో తిప్పేవాడు. వీడు ఒక్క విసురుతో తీశాడు. తర్వాత నన్ను కారెక్కించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, నాకు మతి చలించిందని రాయించడానికి.

డాక్టరు వారమూ తేదీ అడిగాడు, చెప్పాను. "మీకు అలవాటైన పని ఏదైనా వరసగా చెప్పండమ్మా" అన్నాడు. చెప్పాను. పొడుగు గ్లాసులో పదాకులు పుదీనా, కాడలు లేకుండా. రెండు చెంచాల పంచదార, పెద్ద నిమ్మకాయలో సగం రసం. ఆకు వాసన వచ్చేదాకా వత్తాలి, చిరగకూడదు. దాని మీద తెల్ల రమ్ము, పంచదార కరిగేదాకా కలపాలి. గ్లాసు నిండా చితక్కొట్టిన ఐసు. మిగతా చోటు సోడాకి. అడుగు నుంచి పైకి ఒక్కసారి తిప్పాలి, ఎక్కువ తిప్పితే సోడా చచ్చిపోతుంది. చివర ఒక కొమ్మ తీసుకుని అరచేతుల మధ్య ఒక్క చరుపు చరిచి పైన గుచ్చాలి, ముందు ముక్కు తాగాలి కాబట్టి. డాక్టరు రాసుకుంటూ వచ్చాడు. పెద్దవాడు రోగం లక్షణాలు రాస్తున్నాడనుకున్నాడు. "రమ్ము ఎంతన్నారు?" అని డాక్టరు రెండోసారి అడిగినప్పుడు లేచి బయటికెళ్ళిపోయాడు. మతి సరిగ్గా ఉందన్న సర్టిఫికెట్టు డాక్టరు నా చేతికే ఇచ్చాడు. పెద్దవాడు ఆ తర్వాత రెండేళ్ళు నా గడప తొక్కలేదు.

ఇక పంపకాలు.

1. నా ఫ్లాటు నా కొడుక్కీ కూతురికీ సమానంగా చెందవలసినది. అయితే కెప్టెన్ బతికున్నంత కాలం అందులో నివసించే హక్కు ఆయనది. దాన్ని అమ్మడానికి గానీ, ఆయన్ని ఖాళీ చేయమనడానికి గానీ ఎవరికీ అధికారం లేదు. ఎదురు ఫ్లాటు ఓనరు అమ్మేసుకుంటే ఆయన ఒక ట్రంకుపెట్టెతో నా ఇంటికి వచ్చాడు. మేము పెళ్ళి చేసుకోలేదు. రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాం, ఆ రోజు సెలవు. మళ్ళీ వెళ్ళడానికి ఇద్దరికీ బద్ధకం. కాబట్టి ఈ అంశం తప్ప ఆయనకు వేరే దిక్కు లేదు. జాగ్రత్తగా చదవండి.

2. రెండు వైపులా బ్రేకు ఉన్న నా డ్రైవింగ్ స్కూల్ కారు పెద్దవాడికి. పక్క సీట్లో కూర్చుని ఇంకొకళ్ళ బండికి బ్రేకు తొక్కే అలవాటు వాడికి ముందు నుంచీ ఉంది.

3. నా బంగారు చెవిదుద్దులు కోడలికి. ఆ చెవుల వల్ల నాకు మేలే జరిగింది.

4. మరిదికి హాల్లో గోడ గడియారం. అది నడవదు. నా వయసు ఎక్కడిదక్కడే ఆగి ఉండాలని ఆయన ఆశ.

5. పుదీనా తొట్టెలు, చెక్కగుత్తి, పొడుగు గ్లాసులు నా చిన్నదానికి. ఆ ఆదివారం హాల్లో ఇంతమంది ఇన్ని మాటలన్నా, నా కూతురొక్కతే వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగి, "ఎలా ఉంటుందమ్మా అది?" అని అడిగింది. అప్పుడు చెప్పే వీలు లేకపోయింది. ఇప్పుడు చెబుతున్నాను. ఎండలో నడిచొచ్చి చల్లటి గచ్చు మీద కాలు పెట్టినట్టు ఉంటుందే తల్లీ.

6. కెప్టెన్‌కి బాల్కనీలో పేము కుర్చీ, నా ఉన్ని శాలువా. పోయిన వానాకాలం ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఐసు ఇప్పుడు ఎడంచేత్తో కొడతాడు, సగం కింద పోస్తాడు. నేను లేనప్పుడు ఎవరూ ఆ పని ఆయన చేతిలోంచి లాక్కోకూడదు. రమ్ము డాక్టరు మానిపించాడు కాబట్టి ఇద్దరం రమ్ము లేకుండానే కలుపుకుంటున్నాం. మొన్న పెద్దవాడు వస్తే వాడికీ ఒక గ్లాసు ఇచ్చాను. జన్మలో ముట్టనివాడు గనక రెండు గుక్కలు తాగి, "ఇందులో రమ్ము లేదేంటమ్మా?" అన్నాడు. కోడలు వాడి వంక చూసింది. నేను సోడా సీసా మూత పెట్టాను.

7. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత పెద్దవాడికే అప్పగిస్తున్నాను. దొంగ చేతికి తాళాలివ్వడమేంటని చిన్నది అంటుంది. కారణం ఇది. కెప్టెన్ పడిపోయిన రోజు లిఫ్టు పనిచేయడం లేదు. మాది నాలుగో అంతస్తు. అంబులెన్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. రెండేళ్ళుగా మాటల్లేని కొడుక్కి ఫోన్ చేసి, "కెప్టెన్ పడిపోయాడురా" అన్నాను, అంతే. ఆఫీసు నుంచి మెడలో కార్డుతోనే వచ్చాడు. నా మొహం చూడలేదు. కెప్టెన్‌ని వీపు మీద వేసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టాడు. నేను చెప్పులూ మందుల సంచీ పట్టుకుని వెనకే దిగాను. రెండో అంతస్తు మలుపులో కెప్టెన్ పడిపోయిన చెయ్యి జారింది, మనిషి పక్కకి ఒరిగాడు. పెద్దవాడు గోడకి ఆనుకుని నిలబడి, ఊపిరి తీసుకుని, "బాబాయ్, ఆ ఎడంచెయ్యి నా మెడ చుట్టూ వెయ్యి. గట్టిగా పట్టుకో, నేను పడనివ్వను" అన్నాడు.

కెప్టెన్ మా ఆయన కంటే రెండేళ్ళు పెద్ద. వరస ప్రకారం పెదనాన్న అనాలి. నేను సవరించలేదు. వారసులు కూడా సవరించరాదు.

పై విషయాలన్నీ నేను రాసి, రెండుసార్లు చదువుకుని, మనస్ఫూర్తిగా చేసిన సంతకం.

తేదీ: 2026 ఏప్రిల్ 9, గురువారం

(సంతకం) డ్రైవింగ్ మేడమ్

సాక్షులు (వీరికి ఇందులో ఏమీ రాయలేదు, ఆశ కూడా పెట్టలేదు):

1. మూడో అంతస్తు పళ్ళ డాక్టరమ్మ
2. వీధి చివర దర్జీ