అన్నీ క్వశ్చన్ మార్కులే

మార్చి 4, మంగళవారం

క్లినిక్ కోసం నేను రాసిన యాప్‌కి నెల నిండింది. గొంతు ఆపరేషన్ అయినవాళ్ళు మాట్లాడలేరు కదా. ఇంటి దగ్గర్నుంచే రోజూ ఎలా ఉందో టైప్ చేస్తే, ఇక్కడ విజయవాడలో నర్సులు చూస్తారు. ఒక్క కంప్లయింటూ లేదు. మా జయపాల్ సార్ ఆఫీసులో అందరికీ పునుగులు తెప్పించారు.

మార్చి 11

కంకిపాడులో ఏసుపాదం గారని, మా యాప్ వాడే రిటైర్డ్ మాస్టారు. ఎమర్జెన్సీలో చేర్చారట. నాలుగు రోజులుగా మంచినీళ్ళు కూడా మింగుడుపడలేదు. రోజూ యాప్‌లో రాశాననీ, ఎవరూ పలకలేదనీ కాగితం మీద రాసి చూపించారట.

క్లినిక్ నర్సు ఫోన్లో చెప్పింది: "తెరిస్తే అన్నీ క్వశ్చన్ మార్కులేనండీ. పెద్దాయన ఏదో నొక్కేస్తున్నారనుకున్నాం."

అదే రోజు, సాయంత్రం 6

డేటాబేస్ తెరిచాను. పేషెంట్లు రాసింది దాచే కాలమ్, అన్ని భాషలూ పట్టే యూనికోడ్ కాదు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే పట్టే రకం. తెలుగు అక్షరం వచ్చిన ప్రతిచోటా ఒక ప్రశ్నార్థకం పెట్టుకుని ఊరుకుంది. ఎర్రర్ కూడా ఇవ్వలేదు. ఆయన ఫోన్లో తెలుగు కనిపిస్తూనే ఉంది, చేరిందనుకున్నారు.

ఆ టేబుల్ చేసింది నేనే. టెస్టింగ్ మొత్తం ఇంగ్లీషులో చేశాను.

మార్చి 12

కాలమ్ మార్చాను. కనెక్షన్ సెట్టింగూ మార్చాను. ఇకమీద వచ్చేవి నిలుస్తాయి. పోయినవి పోయినట్టే. బ్యాకప్‌లోనూ ప్రశ్నార్థకాలే.

క్లినిక్‌కి నెట్‌వర్క్ ప్రాబ్లం అని చెప్పమన్నారు జయపాల్ సార్. "నిజం చెప్తే ప్రాజెక్టు పోద్దమ్మా" అన్నారు. తలూపాను.

మార్చి 13

ఎందుకు తలూపాను?

మార్చి 15, శనివారం

హాస్పిటల్‌కి వెళ్ళాను. మాస్టారి భార్య హెప్సిబా గారు స్టూలు జరిపి కూర్చోమన్నారు. కూర్చోకుండానే చెప్పేశాను, తప్పు నాదేనని. ఆవిడ, "రాసేటప్పుడు నేను పక్కనే ఉండేదాన్నమ్మా. వొత్తు తప్పు పడితే చెరిపి మళ్ళీ కొట్టేవారు" అన్నారు.

తిట్టినా బాగుండేది.

మాస్టారు నోట్‌బుక్ అందుకుని ఏదో రాసి నా వైపు తిప్పారు. ఇంకా ఎంతమందివి పోయాయి, అని.

నాకు తెలియదు. నేను చూడనే లేదు.

మార్చి 17

పదకొండు మంది. అందరి ఇళ్ళకీ ఫోన్ చేశాను. జరిగింది చెప్పి, మళ్ళీ రాయించమని అడిగాను. ఇద్దరు యాప్ తీసేశారు. ఉయ్యూరు నుంచి ఒకావిడ ఏడ్చింది, తన భర్త రాసినవి ఇక దొరకవా అని. దొరకవన్నాను.

క్లినిక్‌కి కూడా నేనే మెయిల్ పెట్టాను. జయపాల్ సార్ నాతో మాట్లాడటం లేదు.

మార్చి 26, ఉదయం 8:10

కంకిపాడు. కొత్త రికార్డు.

"పెరుగన్నం మూడు ముద్దలు దిగింది."

రిఫ్రెష్ కొట్టాను. అలాగే ఉంది.