చేటంత సీటు

అక్క వీరలక్ష్మికి,

నీ తమ్ముడు రాజు నమస్కారాలతో రాసేది. మేమిద్దరం బాగానే ఉన్నాం. నువ్వు, బావగారు, పిల్లలు, అమ్మ అందరూ బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ళకి రాసుకునే నూనె అయిపోవచ్చిందేమో చూడు. అయిపోయినా తనంతట తాను చెప్పదు.

రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ ఈ ఉత్తరమేంటని నవ్వుకుంటావు. ఫోనైతే నువ్వు స్పీకర్ పెడతావు, పక్కనే అమ్మ ఉంటుంది. ఇది ముందు నీ ఒక్కదానికే తెలియాలి. మా చేపల ఫ్యాక్టరీలో మెకానిక్‌గా చేసే తుని అబ్బాయి అప్పలరాజు చెల్లెలి పెళ్ళికని వస్తున్నాడు. అతని చేతికిస్తున్నాను. పిఠాపురం మార్కెట్లో నీ చేపల అరుగు ఎక్కడుంటుందో బొమ్మ గీసి మరీ ఇచ్చాను. పెళ్ళి కాగానే తిరిగొచ్చేస్తాడు. అతనితో నువ్వు కొన్ని పంపాలి. అవేంటో చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగతాది చదవవు, నీ సంగతి నాకు తెలుసు.

ఇక్కడ మంచు ఇంకా కరగలేదు. ఎండ కాస్తుంది గాని వేడి ఉండదు, పటంలో దీపంలాగ. ఫ్యాక్టరీలో పీతల సీజను ఇంకా మొదలవలేదు కాబట్టి పని తక్కువే. చేపలు కొయ్యడానికి కెనడా దాకా వెళ్ళాలా, ఆ పని నా అరుగు మీదే ఉంది కదరా అని నువ్వన్న మాట ఇక్కడి వాళ్ళకి చెప్తే పడీపడీ నవ్వారు. సత్యకి నెలలు నిండుతున్నాయి కాబట్టి వృద్ధాశ్రమంలో పని మానేసి ఇంట్లోనే ఉంటోంది. వేళకి తింటోంది, నిద్రపోతోంది. మొన్న నువ్వు పంపిన ఎండు నెత్తళ్ళు వేయిస్తే పొగకి గోడ మీది అలారం మోగింది. పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది. ఇల్లు తగలబడిపోతోందనుకుందట, పాపం. ఆవిడకీ రెండు పెట్టాం. మళ్ళీ రాలేదు.

బాగానే ఉన్నాం అని పైన రాశాను కదా. ఉన్నాం. కానీ కిందటి వారం స్కానింగ్‌లో బిడ్డ ఉండాల్సినంత బరువు లేదన్నారు. గుండె చక్కగా కొట్టుకుంటోంది, భయపడాల్సిందేమీ లేదు, అవసరమైతే కొంచెం ముందుగానే కాన్పు చేస్తాం అంది డాక్టరమ్మ. భయపడాల్సిందేమీ లేదని డాక్టర్లు అన్న దగ్గర్నుంచీ నాకు భయం పట్టుకుంది. సత్యకి పైకేమీ చెప్పను. అది నన్ను చూసి పైకేమీ అడగదు.

కిందటిసారి సంగతి నీకు తెలుసు. ఆరో నెలలోనే ఉత్సాహపడి ఉయ్యాల కొన్నాం. ఏడో నెల దాటకుండానే బిడ్డ కడుపులోనే పోయింది. ఆ ఉయ్యాల వెనక్కి ఇవ్వడానికి వెళ్తే, ఇందులో ఏం బాలేదండీ అని అడిగాడు కొట్లో కుర్రవాడు. వాడి తప్పేముంది, అందర్నీ అదే అడుగుతాడు. "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమని, పుట్టకముందే ఉయ్యాలేంట్రా" అని అమ్మ ఒక్కసారే అంది. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. ఒక్కసారి అన్నా ఆ మాట నన్ను వదల్లేదు.

అందుకే ఈసారి బిడ్డ భూమ్మీద పడేదాకా కొత్తదేదీ కొననని అమ్మకి మాటిచ్చాను. చిన్న మేజోళ్ళు కూడా కొనలేదు. కొట్లో పిల్లల బట్టలున్న వైపు నడవడం కూడా మానేశాను. ఇంతలో ఆస్పత్రిలో నర్సు, ఇంటికి కారులోనే వెళ్తారు కదా, సీటు బిగించుకున్నారా అంది. చంటిబిడ్డ సీటు లేకుండా కారులో తీసుకెళ్ళడానికి ఇక్కడ వీల్లేదట. సోమలింగానికి ముందు కుర్చీ ఉండాలి, ఆ తర్వాతే పుట్టాలి.

ఈ సంగతి ఫోన్లో చెప్తే నువ్వేమన్నావో గుర్తుందా? "మా చిన్నోడు దుర్గ మీ బావ ఆటోలో నా ఒళ్ళో కూర్చునే ఇంటికొచ్చాడు. ఒడి కన్నా గట్టి కుర్చీ ఉందేంట్రా?" అన్నావు. మన ఊళ్ళో బావగారి ఆటో ఎద్దుని చూసినా ఆగుతుంది, అక్కా. ఇక్కడ ఆస్పత్రి నుంచి ఇంటికి హైవే మీద గంట ప్రయాణం. రోడ్డు మీద కంటికి కనిపించని మంచుపొర ఉంటుంది. పక్కనుంచి లారీలు రైళ్ళలాగ పోతుంటాయి. ఉన్నట్టుండి బ్రేకు వేస్తే ఎంత గట్టిగా పట్టుకున్నా చేతులు ఆగవట. నువ్వు నమ్మవని తెలుసు. నేను నమ్మాను.

అమ్మకిచ్చిన మాటా ఉండాలి, నర్సు చెప్పిన సీటూ ఉండాలి. ఆలోచించి ఒక తెలివైన పని చేశాను. తెలివైనదని అప్పుడు అనుకున్నాను. మనలో పుట్టిన బిడ్డకి మొదట కొత్తబట్ట కట్టరు కదా, బాగా బతికిన పిల్లల పాతబట్టే కడతారు. మరి సీటు మాత్రం పాతది ఎందుకు కాకూడదు? భీమవరం నుంచి వచ్చిన శ్రీనివాస్ గారని ఇక్కడ ఉన్నారు. వాళ్ళ అబ్బాయి బడికి పోతున్నాడు, గుండులా ఉంటాడు. వాడు పెరిగిన సీటు వాళ్ళ గ్యారేజీలో ఉంటే అడిగాను. తీసుకెళ్ళండి, మాకూ అడ్డం తగ్గుతుందన్నారు. కొనలేదు, కొత్తదీ కాదు, ఆరోగ్యంగా ఉన్న పిల్లాడిది. మొహం చేటంత చేసుకుని ఇంటికి తెచ్చాను. సత్య దాన్ని తడిబట్ట పెట్టి తుడిచి, కడుపు మీద చెయ్యేసుకుని దాని ముందు కాసేపు కూర్చుంది.

శనివారం నాడు ఈ ఊళ్ళో సీట్లు సరిగ్గా బిగించుకున్నారో లేదో ఉచితంగా చూసిపెడతారు. వెళ్ళాం. అక్కడావిడ సీటుని తిరగేసి, కింద ప్లాస్టిక్ మీద వేలితో తడిమి చూసింది. తెల్లటి గీత ఒకటి ఉంది, వెంట్రుకంత.

"ఈ సీటు ఉన్న కారుకి ఎప్పుడైనా యాక్సిడెంట్ అయిందా?" అని అడిగింది.

"పాతదండి. తెలిసినవాళ్ళదే," అన్నాను.

"పాతదని కాదు. దెబ్బ తగిలిందా అని అడుగుతున్నాను."

అక్కడి నుంచే శ్రీనివాస్ గారికి ఫోన్ చేశాను. ఆయన, "ఒకసారి వెనక నుంచి ఎవడో గుద్దాడండి. గట్టిగానే గుద్దాడు. మావాడు అందులో లేడు లెండి, అందుకే చెప్పాలనిపించలేదు," అన్నారు. ఆయన్ని ఏమనగలను? పాతది మంచిదని వెతుక్కుంటూ వెళ్ళింది నేను. ఒకసారి దెబ్బ తిన్న సీటు రెండోసారి ఆగదట. పైకి ఏమీ తెలియదు గాని లోపల విరిగే ఉంటుందట. మళ్ళీ ఎవరూ వాడకుండా ఆవిడ మా ముందే పట్టీలు కత్తిరించేసింది.

సత్య తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. పాతబట్ట అయితే చిరుగు కనబడుతుంది, అక్కా. దీనికి కనబడలేదు. ఆ గీత చూడకుండా మన బిడ్డని అందులో కూర్చోబెట్టి ఆ హైవే ఎక్కి ఉంటే? ఈ ప్రశ్న ఫ్యాక్టరీలో కత్తి పట్టుకున్నా వస్తోంది, అన్నం ముందు కూర్చున్నా వస్తోంది.

ఇక కొత్తది కొనక తప్పలేదు. ఇందులో రెండు రకాలున్నాయి. ఒకటి ఇన్‌ఫెంట్ సీటు. పిడి ఉన్న బుట్టలాంటిది. బిడ్డ నిద్రపోతుంటే లేపకుండా సీటుతో సహా కారులోంచి ఎత్తుకుపోవచ్చు. కానీ ఏడాది తిరిగేసరికి పిల్లలకి అది చాలదు. రెండోది కన్వర్టిబుల్. కారులోనే బిగించి ఉంటుంది. చంటిబిడ్డప్పుడు వెనక్కి తిప్పి, పెద్దయ్యాక ముందుకి తిప్పి, నాలుగైదేళ్ళ దాకా వాడొచ్చు. నేను కన్వర్టిబులే అన్నాను. ఒకసారి కొంటే మళ్ళీ కొట్టు మెట్లెక్కక్కర్లేదని పైకి చెప్పాను. లోపల వేరే లెక్క ఉంది. రెండుసార్లు కొంటే దిష్టీ రెండుసార్లు. పెద్దదైతే ఒక్కసారే దేవుడి కంట్లో పడతాం, ఆ తర్వాత తల దించుకుని బతికెయ్యొచ్చు.

సత్య అది వినిపించుకోలేదు. కొట్లో బరువు చూడటానికి ఒక బొమ్మ ఉంటుంది. మన బిడ్డ ఎంత ఉంటుందని డాక్టరమ్మ అందో దాదాపు అంతే. దాన్ని పెద్ద సీటులో కూర్చోబెట్టింది. భుజాల దగ్గర ఉండాల్సిన పట్టీలు చెవుల దాకా వచ్చాయి. బొమ్మ పక్కకి ఒరిగిపోయింది. చిన్న సీటులో పెడితే అరచేతిలో పెట్టినట్టు కుదురుగా కూర్చుంది. అంత పెద్ద సీటులో ఆ బొమ్మ అలా ఒరగడం చూసి నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ధర చూస్తున్నట్టు అటు తిరిగాను.

"చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడని ఊరికే అన్నారా," అంది సత్య. తర్వాత నెమ్మదిగా అంది. "మీకు పెద్ద సీటు మీద ఇష్టం కాదండి. వచ్చే ఏడాది గురించి మాట్లాడాలంటే భయం. ఇప్పుడు దీనికి సరిపోయేది చిన్నదే. వచ్చే ఏడు పెద్దది కొంటాం. ఈ మాట మీ నోటితో ఒక్కసారి అనండి, చాలు."

నేను అనలేకపోయాను, అక్కా. "బిల్లు కట్టేసి వద్దాం పద," అన్నాను.

ఇప్పుడా చిన్న సీటు హాల్లో నా ఎదురుగా ఉంది. అట్టపెట్టెలోంచి తీసి నేల మీద పెట్టి వెనక్కి జరిగి చూశాను. వెనక ఎత్తుగా, ముందు వెడల్పుగా, అచ్చం చేటలాగ ఉంది. అప్పట్నుంచీ నువ్వే గుర్తొస్తున్నావు. అందుకే ఈ ఉత్తరం.

నీ తర్వాత పుట్టిన ఇద్దరూ దక్కలేదని, నేను పుట్టగానే అమ్మ నన్ను చేటలో పడుకోబెట్టి పక్కింటి మంగాయమ్మ గారికి గుప్పెడు నూకలకి అమ్మింది. అమ్మ బిడ్డ కాదు, పైవాళ్ళ బిడ్డ అనుకుని మృత్యువు వదిలేస్తుందని. అందుకేగా నాకు నూకరాజని పేరు. అది ఉత్తుత్తి అమ్మకమని అందరికీ తెలుసు, నీకు తప్ప. అప్పుడు నువ్వెంత పిల్లవి! కోళ్ళకని ఉంచిన నూకలు చెంబుతో ఎత్తుకుపోయి మంగాయమ్మ గారి గుమ్మంలో నిలబడి, "ఇవి తీసుకుని మా తమ్ముణ్ణి నాకు అమ్మెయ్యండి" అని ఏడిచావట. ఆవిడ నవ్వి, చెంబు పుచ్చుకుని, నన్ను నీ ఒళ్ళో పెట్టిందట. "వాణ్ణి నేను కన్నాను, మంగాయమ్మ కొంది, మా వీరలక్ష్మి విడిపించుకొచ్చింది," అని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. చిన్నప్పుడు ఈ కథ చెప్పి నువ్వు నా చేత ఎన్ని పనులు చేయించుకున్నావో! కొన్నదాన్నిరా, నీళ్ళు తే అనేదానివి. నాకు భూమ్మీద ఇంకా నూకలున్నాయంటే అవి నీ చెంబులోవే.

కాబట్టి ఇప్పుడు విను. అప్పలరాజుతో నువ్వు పంపాల్సినవి. దుర్గ చంటిప్పుడు వేసుకున్న పల్చటి చొక్కా ఒకటి. అమ్మ పాత నేతచీర ముక్క ఒకటి. సీటులో బిడ్డ కింద గుడ్డ వెయ్యకూడదట, పట్టీలు బిగించాక పైన కప్పొచ్చట. ఆ ముక్క పైన కప్పుతాం. సీటు కొత్తదైనా కట్టిందీ కప్పిందీ పాతవే కాబట్టి అమ్మ మాట సగమైనా నిలబడుతుంది. మాగాయ కొంచెం, సత్య అడిగింది. ఇంకొకటి, నీ చేత్తో గుప్పెడు నూకలు మూటగట్టి పంపు. అమ్మ చేత్తో వద్దు, నీ చేత్తోనే. బిడ్డని ఈ సీటులో పడుకోబెట్టి వీడియోలో నీకు చూపించి అమ్మేస్తాం. నువ్వు కొనుక్కున్నాక పెంపకానికి మా దగ్గరే ఉంచు. మేనత్తవి కాబట్టి పేరు కూడా నువ్వే పెట్టాలి. నూకల పేరే పెట్టినా మాకు సమ్మతమే.

సీటు కొన్న సంగతి అమ్మకి నువ్వే చెప్పు. నీ నోటితో వింటే తక్కువ తిడుతుంది. పాత సీటు సంగతి మాత్రం చెప్పకు. బిడ్డ చిన్నగా ఉందన్నదీ ఇప్పుడే వద్దు. కుక్కుటేశ్వరుడి గుళ్ళో సత్య పేరున ఒక అర్చన చేయించు.

సత్య ముందు అనలేకపోయిన మాట నీకు రాస్తున్నాను. రాయడం తేలికనుకున్నాను గాని ఇక్కడి దాకా వచ్చేసరికి పెన్ను ఆగింది. వచ్చే ఏడు మా బిడ్డకి ఈ సీటు చాలదు. వచ్చే ఏడు పెద్దది కొంటాం.

బావగారికి నా నమస్కారాలు చెప్పు. అమ్మ కాళ్ళకి నా తరఫున నువ్వే దండం పెట్టు. పిల్లలిద్దరికీ ముద్దులు. మా ముగ్గురినీ దీవించు. ముగ్గురినీ అనే రాశాను, చూసుకో.

నువ్వు కొనుక్కున్న తమ్ముడు,
నూకరాజు

తా.క. సత్య ఇదంతా చదివింది. మీ అక్కకి రాస్తే చాలదు, నాకు వినబడేలా అనాలి అంది. ఇప్పుడే వంటింట్లోకి వెళ్ళి అనేసి వచ్చాను. రెండు ముక్కలూ పూర్తిగా అన్నాను.