గూఢచారికి అందకూడని చీటీ

భూపతీ,

నువ్వు టీ అంగడి నుంచి వచ్చేదాకా ఆగితే బస్సు పోతుంది. బాగాయంలో మీ చిన్నమ్మను చూసి సాయంత్రానికి వస్తాను. కుండలో సంగటి ఉంది, పులుసు వేడి చేసుకో. లుంగీ పడుగులో తెగిన పదకొండు పోగులూ నేను వచ్చేలోపల అతికి ఉండాలి.

టీవీ బొమ్మల్లో ఆ గూఢచారి పిల్ల ఎర్ర వెలుతురు తీగల కింద పాకిందని, నీ కూతురు మగ్గం మీది పడుగు కింద పాకింది. నువ్వేమో పక్కన నిలబడి, "తల వంచు పాపా, తీగ తగలతాది" అన్నావు. ముప్పై ఆరేళ్ళ నేతగాడివి. మీ నాయన ఉండి ఉంటే పేక నేసే నాడె తీసుకుని నీ వీపు మీద వేసేవాడు.

ఆ బొమ్మల పిల్ల ఎనిమిదేళ్ళకే లోకాన్ని కాపాడుతుందట. తిన్న తట్ట మాత్రం ఒక్కనాడూ కడిగి ఎరగదు. దాన్ని చూస్తూ కూర్చుంటే మీ ఇద్దరి నోట్లో ఈగ దూరినా తెలియదు.

రిమోట్ ఉలవల డబ్బాలో దాచినాను. పోగులు అతికినాకే తియ్యి. సుజితకు బళ్ళో నేర్పే తమిళం తప్ప చదవడం రాదు కాబట్టి ఇది తెలుగులో రాస్తున్నాను. మూడేళ్ళుగా మన అక్షరాలు నేర్చుకోమంటే, "యాడ పనికొస్తాది అవ్వా" అంటుంది.

అమ్మ

మడత పెడుతుంటే సుజిత తొంగి చూసి, "అవ్వా, ఇది రహస్యాల రాతా? నాకూ నేర్పించు" అంది. పలక అటక మీద ఉంది, దింపి దిద్దించు. ఉ, ల, వ మాత్రం ఈరోజు చెప్పకు.