అయేషా చెరిపేసిన జవాబు

బుధవారం రాత్రి, జహీరాబాద్

సుజాత నాకు గిట్ల చేస్తదనుకోలే. పదేండ్ల సంది ఒకే స్కూల్ల చెప్తున్నం, ఒకే ఆటోల పోతున్నం.

నాలుగో తరగతి పిల్లలు చదివింది సమజ్ చేసుకుంటున్నరో లేదో చూద్దామని చిన్న నాటిక రాసిన. అల్లం చేన్ల పడ్డ మేకను తాత దాసిపెడ్తడు. సోమవారం నాటిక, అడిగే ప్రశ్నలు సుజాతకు చూపిస్తె మంచిగుందన్నది. నిన్న సెలవు పెట్టి ఇంట్ల కూసోని ఆఖరు మార్చిన, మేకను దాసింది మనుమరాలని. ఆ సంగతి సుజాతకు చెప్పలే.

పొద్దున తనిఖీకి సారొచ్చిండు. కొత్త కాగితాలు పంచిన. పిల్లలు తలా ఒక పాత్ర తీసుకొని గట్టిగ చదివిన్రు. "మేకను ఎవరు దాసిన్రు? రాయున్రి" అన్న.

అందరు "తాత" అనుకుంటనే రాసిన్రు. అయేషా ఒక్కతే "మనుమరాలు" అని రాసింది. పక్క పిల్ల చూసి నవ్వింది. అయేషా అటు ఇటు చూసి, రబ్బరుతోని చెరిపి "తాత" అని రాసింది. నాటిక చదవని సారు "శభాష్" అన్నడు.

సారు పోయినంక పిల్లలను అడిగిన.

"సుజాత టీచర్ నిన్న జవాబులు బట్టీ పట్టిచ్చింది టీచర్."

ఆటోల అడిగితే, "నీ పేరు ఖరాబ్ కావద్దనే చేసిన అక్కా" అన్నది. నా పిల్లలకు చదువొస్తదని ఆమె ఒక్కనాడు గూడ నమ్మలే.

కోపం సుజాత మీదనే. కానీ అయేషా చెరుపుతుంటె, సారున్నడని నేను గూడ నోరు మూసుకొని నిలవడ్డ. రేపు ఆ పిల్లకు ఏం చెప్పాలె...