పంచాయతీ పట్టిన టైర్లు

ఫిబ్రవరి 4

ఆరేసిన చీర మీద మళ్ళీ నల్లటి మసి. దులిపితే అంటుకుంటుంది, ఉతికితే పాకుతుంది. సన్యాసి అన్నయ్య బెల్లం పొయ్యిలో మళ్ళీ టైర్లు పడ్డాయన్నమాట. మా పెరటికి, ఆ పొయ్యికి మధ్య ఉన్నది అంగన్‌వాడీ గది ఒక్కటే. తెల్లారినప్పటి నుంచి మా ఆయనకు దగ్గు. ఇన్‌హేలర్ రెండుసార్లు. పొగకు దూరంగా ఉండాలని అనకాపల్లి డాక్టరు గారి మాట. ఎక్కడికి దూరం? ఇల్లు నెత్తిన పెట్టుకుని పోతామా?

వెళ్ళి అడిగాను. "వానకి పిప్పి తడిసిపోయింది సెల్లెమ్మా, ఏటి సెయ్యమంతావు? టైరైతే గుప్పున అంటుకుంతాది." చెరకు పిప్పి మీద పరదా కప్పుకోవడానికి ఒళ్ళు బద్ధకం... మా ఆయన అక్కకు మొగుడు కాబట్టి నేను నోరు మూసుకోవాలి.

ఏడో వార్డు మెంబరుని. గెలిచినప్పటి నుంచి నేను చేసిన ఘనకార్యం — మీటింగుల్లో టీ తాగడం.

ఫిబ్రవరి 7

ఈవేళ పంచాయతీ మీటింగులో లేచి నిలబడ్డాను. చెప్పేశాను. టైర్లు కాల్చకూడదు, దొరికితే పంచాయతీ జప్తు చేయాలి. ప్రెసిడెంటు గారు భర్త వైపు చూసింది. ఆయన ఫోను వైపు చూశాడు. అంగన్‌వాడీ టీచరు సత్యవతి గుమ్మంలోంచే, "పిల్లలు ముక్కులు మూసుకుని అన్నం తింతన్నారండి" అంది. దాంతో అందరూ తలలూపారు. తీర్మానం. తనిఖీ కమిటీ — నేను, సత్యవతి, సెక్రటరీ కుర్రది. నా చేత్తోనే రాశాను. నిజం చెప్పాలంటే గర్వంగా ఉంది.

ఫిబ్రవరి 9

ఆటోకి మైకు కట్టి ఊరంతా చాటింపు! "రేపు పది గంటలకి కమిటీ తనిఖీకి వత్తంది... బెల్లం పొయ్యిలోళ్ళందరూ అందుబాటులో ఉండాలహో..." పరుగున వెళ్ళి సెక్రటరీని అడిగాను. "ముందుగా తెలియజేయాలి కదా మేడమ్, రేపు మనం వెళ్ళేసరికి ఎవరూ లేకపోతే?" పాపం, ఆ పిల్ల నిజంగానే అడుగుతోంది. దొంగను ఇంట్లో ఉండమని కబురు పెట్టి బయల్దేరే పోలీసులం మేము.

ఫిబ్రవరి 10

అనుకున్నట్టే. పొయ్యి కింద ఎండిన పిప్పి, చుట్టూ కమ్మటి వాసన. పాకంలో బెండ జిగురు వేసి మడ్డి తీస్తున్నారు, చూడముచ్చటగా. మా ముగ్గురికీ అరిటాకు ముక్కల్లో వేడి బెల్లం. తిన్నాం. నేనూ తిన్నాను, సిగ్గు లేకుండా.

వచ్చేస్తుంటే చెరకాకు గుట్ట కింద ఏదో కాలికి తగిలింది. లాగితే ఒకటి, దాని వెనక ఇంకోటి... గుట్టంతా టైర్లే. అన్నయ్య మొహం మాడిపోయింది. పట్టుకున్నాం. పంచాయతీ ఆఫీసుకు చేర్చడానికి బండి? ఊళ్ళో ఖాళీగా ఉన్నది అతని ట్రాక్టరే. అతని టైర్లు, అతని ట్రాక్టరు మీద, అతనే నడుపుకుంటూ తెచ్చి ఆఫీసు వెనక దించాడు. నవ్వొచ్చింది.

ఫిబ్రవరి 13

ఆయనకు దగ్గు లేదు. చీర తెల్లగా ఆరింది.

ఫిబ్రవరి 17

ఈవేళా లేదు. చెరువు గట్టు దాకా నడిచి వచ్చారు. వచ్చి రెండు గ్లాసుల మజ్జిగ తాగారు.

ఫిబ్రవరి 18

అయిపోయింది సంబరం. అన్నయ్య మా వంతు మార్చేశాడు. మా ఎకరం చెరకు వచ్చే వారం వండాలి — ఇప్పుడు వరసలో అందరి కన్నా వెనక. దేవరాపల్లి వైపు పొయ్యిల వాళ్ళను అడిగితే ఖాళీ లేదన్నారు. అప్పటిదాకా చేలో చెరకు ఎండాలి.

ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు. "బావ పొయ్యి తప్ప ఇంకెవుడి పొయ్యీ కనపళ్ళేదా నీకు?" ఎవరి ఊపిరి కోసం చేశానో ఆయనే అడుగుతున్నారు. కళ్ళనీళ్ళు తిరిగాయి. చూపించలేదు.

ఫిబ్రవరి 24

మీటింగు. ఆఫీసు వెనక టైర్లలో వాన నీళ్ళు, నీళ్ళలో దోమ పిల్లలు. ఊరికి జ్వరాలు మనమే తెచ్చిపెట్టేలా ఉన్నామని గొడవ. నిజమే. వేలం వేసి వదిలించుకుందామన్నారు. పాయకరావుపేటలో పాత సామాను కొనే అతని నంబరు నేనే ఇచ్చాను. తీర్మానానికి అందరికన్నా ముందు చెయ్యెత్తింది ఎవరు? నేనే.

ఎవరికి అమ్మకూడదో రాయాలని తోచలేదు. ఒక్క వాక్యం. అప్పుడు బుర్ర ఏ గట్టు మీద మేస్తోందో.

మార్చి 1

వేలం. మళ్ళీ ఆటో, మళ్ళీ మైకు. పాయకరావుపేట అతను రాలేదు. ఫోను చేస్తే, "ఆ టైర్లకి బండి కిరాయి కూడా రాదమ్మా" అన్నాడు. పాట పాడడానికి వచ్చింది ఒకే ఒక్కడు — సన్యాసి అన్నయ్య, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

"ఏం చేసుకుంటావు?" అన్నాను అందరి ముందూ. "అరిటి తోట గట్టుకి పేరుత్తాను సెల్లెమ్మా."

ఒక్కడే పాడితే వాయిదా వేయాలన్నాను. "ఇంకో వారం దోమల్ని పెంచుదుమా?" అన్నాడు ప్రెసిడెంటు గారి భర్త. నవ్వులు. రసీదు రాశారు. కమిటీ తరఫున సంతకం — నాది. పెట్టాను. పెట్టకుండా లేచి వచ్చేయవలసింది. అతను రసీదు మడిచి జేబులో పెట్టుకుని, అదే ట్రాక్టరు మీద అవే టైర్లు తీసుకుపోయాడు.

మార్చి 3

చీర మీద మసి.

వెళ్ళాను. దాచలేదు కూడా, పొయ్యి పక్కనే పేర్చుకున్నాడు. నేను నోరు తెరవక ముందే రసీదు తీశాడు. "పంచాయితీ అమ్మిన సరుకు. దొంగ సరుకు కాదు. సంతకం ఎవులిదో సూసుకో."

కొట్టాలనిపించింది. నిజంగా.

మార్చి 4

మళ్ళీ పట్టుకోవచ్చా అని సెక్రటరీని అడిగాను. "మనమే అమ్మాం కదా మేడమ్... ఇంకో తీర్మానం పెట్టాలి. నెలాఖరుకి మీటింగు. మీరు ముందే అర్జీ రాసి ఇస్తే పై ఆఫీసుకి కూడా పంపుతాను, వాళ్ళు వచ్చి పొయ్యి ఆపేస్తారు." ఈసారి చాటింపు వేయనంది. నేర్చుకుంది.

సత్యవతి కిటికీలకు గోనె పట్టాలు కట్టింది. పిల్లలు చీకట్లో పాటలు పాడుతున్నారు.

మార్చి 6

పొద్దున్నే ఆయనకు ఆయాసం ఎక్కువైంది. పెదాలు నల్లబడ్డాయి. ఆటోలో అనకాపల్లి ఆసుపత్రికి. ముక్కుకు మాస్కు పెట్టారు. "ఇంటి దగ్గర పొగ ఏమైనా ఉందా?" అన్నారు డాక్టరు గారు. మాస్కు పక్కకు లాగి మరీ చెప్పారీయన — "లేదండి."

నేను పక్కనే ఉన్నాను. ఆ మాస్కు మళ్ళీ సర్దాను.

మార్చి 8

నిన్న ఆయన్ని ఇంటికి పంపేశారు. ఈవేళ అర్జీ రాశాను. రెండు పేజీలు. టైర్లు, రసీదు, అంగన్‌వాడీ, ఈయన ఊపిరి — అన్నీ. సంతకం ఒక్కటే మిగిలింది. రేపు ఇచ్చేస్తాను.

సాయంత్రం అన్నయ్య గుమ్మంలోకి వచ్చాడు. కూర్చోలేదు. "రేపు మీ వంతే. సెరుకు కొట్టించీండి బావా." ఆయన మొహంలో వెలుగు... ఇన్నాళ్ళ తరవాత. వెంటనే కూలీలకు ఫోను చేశారు.

మార్చి 9

మా చెరకు గానుగెక్కింది. కొట్టిన చెరకు ఆగదు, పిండిన రసం అసలే ఆగదు. పొద్దున సెక్రటరీ ఫోను. "అర్జీ పన్నెండు లోపల ఇవ్వండి మేడమ్, మధ్యాహ్నమే పై ఆఫీసు వాళ్ళు ఇటు వస్తున్నారట. దొరికితే ఇప్పుడే దొరకాలి."

పదకొండున్నర. అర్జీ ముందుంది. పెన్నూ ఉంది. పెరటి వైపు నుంచి నల్లటి పొగ, ఈసారి మా చెరకుది. ఆయన తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వరండాలో కూర్చున్నారు. "వెళ్ళి పాకం ఎలాగొచ్చిందో సూసి రా" అంటున్నారు, మాటకీ మాటకీ మధ్య దగ్గుతూ.

ఇప్పుడు సంతకం పెడితే మంట ఆపేస్తారు. మా రసం ఇంకా పొయ్యి మీద పెనంలోనే ఉంది.