వేలి మీద బ్రాందీ చుక్క

ఎమ్మిగనూరు
9 జనవరి 1983, ఆదివారం

చంటివాడికి నిన్నటి నుంచి దగ్గు, జలుబు. పొద్దున అత్తమ్మ వాడి ఛాతీకి బ్రాందీ రుద్దింది. రుద్దడం వరకు సరేననుకున్నాను. తర్వాత అందులో వేలు ముంచి వాడి నాలుక మీద పెట్టింది. వాడు ముఖం చిట్లించాడు. అంతలోనే నోరు తెరిచి, ఆ వేలి కోసం మెడ చాపాడు.

అత్తమ్మ పకపకా నవ్వింది. "సూసినావా లచ్చిమీ, అచ్చం ఆదోని తాత పోలికే!"

ఆదోని తాత అంటే మా నాయన. పత్తి జిన్నింగు మిల్లులో పని దిగి తిన్నగా సారాయి అంగడికి నడిచి, చివరికి కడుపుబ్బి పోయిన మనిషి. ఆమె ముద్దుకే అంది. నాకు మాత్రం భయం పట్టుకుంది.

"అట్ల నాలికకు పెడితే అలవాటైతాది అత్తమ్మా," అన్నాను.

"అలవాటు యాడిది? నీ మొగునికీ ఇట్లనే నాకించినా. వాడు ఈ పొద్దు వరకు సీసా ముట్టినాడా?"

నిజమే. ఆయన మగ్గం గుంటలో దిగితే మళ్లీ అన్నానికే లేస్తారు. తాగరు. అత్తమ్మ వేలి మీద నాకున్న కోపం అక్కడితో పోయింది, భయం రెట్టింపయింది. అలవాటుతో వచ్చేదైతే ఆయనకు రావాలి కదా. రక్తంలో వచ్చేదైతే, ఆ రక్తం నాది.

పెళ్లినాటికి నాయన సారాయి వాసన కూడా ఎరగడని అమ్మ అనేది. మరి అన్నాళ్లూ అది నాయనలో ఎక్కడ దాక్కుందో, ఇప్పుడు నాలో ఎక్కడ దాక్కుందో...

వాడు లేచాడు. పాలకు ఏడుస్తున్నాడు. వాడికి నా పాలు పట్టాలంటే మొదటిసారి భయమేస్తోంది.